మేమైతే తీయలేదు

మా అమ్మాయి పదో తరగతి. మొన్నొక సాయంత్రం ఇంగ్లీషు గ్రామరు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, ‘ఐ క్లోజ్డ్ ది డోర్’ అంటే తలుపు వేశాననేగా? మరి ‘ఐ డిడ్ క్లోజ్ ది డోర్’ అని ఇంకోటెందుకు?"

బి.ఏ. చదివినదాన్ని, నవలలు రాసేదాన్ని, తెలియదంటే పరువు పోదూ! పోపు గిన్నె దించి చెప్పాను. ఊరికే చెప్పేటప్పుడు మొదటిది. "నువ్వు వేయలేదు" అని ఎవరైనా అన్నప్పుడు, అనకపోయినా వాళ్ల చూపు అలా ఉన్నప్పుడు, రెండోది. ఆ ‘డిడ్’ని గట్టిగా పలకాలి. అది వచ్చాక ‘క్లోజ్డ్’ కాస్తా ‘క్లోజ్’ అయిపోతుంది. వేసిందెవరో నొక్కి చెప్పాలంటే ‘ఇట్ వాజ్ ఐ హూ క్లోజ్డ్ ది డోర్’. మనకింత హంగామా అక్కర్లేదు, "తలుపు వేసింది నేనే" అంటే సరి. ఆ చివరి ‘ఏ’ని పాత వ్యాకరణాలు అవధారణార్థకం అన్నాయి. ఉన్నది ఒక్క అక్షరం, పక్కనున్న వాళ్లందర్నీ అవతలికి నెట్టేస్తుంది. "వంటంతా నేనే చేశాను" అని చూడండి, అత్తగారు ముఖం తిప్పుకుంటారో లేదో!

అంతా విని మా అమ్మాయి, "అయితే నిజం చెప్పేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదన్నమాట" అంది. పిల్లలు ఇలా ఒక మాట అనేసి వెళ్లిపోతారు. పప్పు మాడేది మనకి.

నాకు మా బాపమ్మ గుర్తొచ్చింది. 1947 సెప్టెంబర్ 2న మా పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. వాళ్ల జ్ఞాపకంగా 2003లో కట్టిన అమరధామం ఊళ్లో ఉంది. బాపమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆ రోజు సంగతి అడిగితే, "జెండాలు పట్టుకొని వచ్చిండ్రు. కాల్చిండ్రు. పొద్దుగూకినా కొందరి ఇండ్లకు మనుషులు రాలే" అనేది. ఒట్టు లేదు, అమ్మతోడు లేదు. "నిజమా?" అని మేమెవరం అడగలేదు మరి.

అలాగని మా అమ్మాయి మాట పూర్తిగా ఒప్పుకోలేను. ఎదుటివాళ్లు అనుమానిస్తే నిజం చెప్పేవాళ్లూ గొంతు పెంచాల్సిందే. అప్పుడు తప్పు నొక్కి చెప్పేవాళ్లదా, చెప్పించేవాళ్లదా? ఈ ప్రశ్న నాకు గ్రామరు పుస్తకంలోంచి రాలేదు. దిండు గలీబులోంచి వచ్చింది.

కిందటేడు సంక్రాంతి ముందు నా చెవి కమ్మ ఒకటి కనబడలేదు. ఇల్లంతా గాలిస్తున్నాను. మా ఇంట్లో పనిచేసే అక్క గది ఊడుస్తూ, "ఏం దేవులాడుతున్నవమ్మా?" అంది. చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చుగా! "మేమైతే తీయలేదు" అన్నాను.

నువ్వు తీశావని నేననలేదు. ఆ వాక్యాన్ని ఏ కోర్టులో పెట్టినా ఆ మాట దొరకదు. కానీ ‘మేము’ పక్కన ‘అయితే’ చేర్చాక ఇంట్లో ఇంకెవరు మిగిలారు చెప్పండి? ఆమె చీపురు కింద పెట్టింది. "నేను తియ్యలేదమ్మా" అంది. నేను పలకలేదు. "నేను తియ్యనే తియ్యలేదమ్మా, నా పిల్లల మీదొట్టు" అంది. నిమిషంలో ఆమెను ఒట్టు దాకా తీసుకొచ్చాను. పైగా, ఇంత గట్టిగా చెబుతోందంటే ఏదో ఉందని మనసులో అనుకున్నాను కూడా. అదీ నా చదువు!

నాలుగో రోజున దిండు గలీబు ఉతకడానికి తీస్తే కమ్మ జారిపడింది. అప్పటికే ఆమె రావడం మానేసింది. "ఫోను చేస్తే సరిపోదూ" అన్నారు మా వారు. సరిపోదని నేనే బయలుదేరాను. దారంతా "నాదే తప్పు" అని ‘ఏ’తో సహా వల్లె వేసుకుంటూ వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆమె విని, "దొరికింది గద, మంచిదే" అంది.

మంచిది అనలేదు. మంచిదే అంది.

మర్నాటి నుంచి మళ్లీ పనికి వస్తోంది. కబుర్లు చెబుతుంది, నవ్వుతుంది, మా అమ్మాయికి జడ వేస్తుంది. పడకగది ఊడ్చేటప్పుడు మాత్రం ఆ పిల్లని పిలిచి గుమ్మంలో నిలబెట్టుకుంటుంది.