ఎకరాకు ఎన్ని బస్తాలు?



ముదగల్ కోట చుట్టూ నేటికీ జొన్న, కంది పండే మెట్ట చేలున్నవి. అక్కడనుండి సింధనూరు వైపు సాగితే మన క్యాంపులు, వరిమళ్లు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైనప్పుడు ఈ ఎడమ కాలువను ఎక్కువగా ఆరుతడి పైర్లకే ఉద్దేశించారు. కృష్ణా, గోదావరి జిల్లాలనుండి వచ్చిన మనము వరి నాటితిమి. బీళ్లను బాగుచేసిన ఆ కష్టము తక్కువదేమీ కాదు.

అయితే పంటను మనము కొలిచేది బస్తాలతోనే. కాలువ మొదటి మళ్లలో నీరు నిలిచి చౌడు పుట్టినది. చివరనున్న రాయచూరు వైపు రైతు ఎండిన తూములు చూచుచున్నాడు. జలాశయములో 133 టి.ఎం.సి.లు పట్టే చోటు పూడికవలన సుమారు 105కు తగ్గినది. నిలువనీటి మడిలో నేలకు గాలి అందక మీథేన్ పుట్టును. వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు వేడి పెంచును. దీనిని ఏ కాటా మీద తూచగలము?

వరి మానుమని ఎవరు చెప్పగలరు? మన అప్పులు తీర్చవలసినది ఆ వరియే గదా! కాని మడిని కొన్నాళ్లు ఆరనిచ్చి మరల తడిపితే ఆ వాయువు చాలా తగ్గును, దిగుబడి సాధారణముగా తగ్గదు. ఇది మనకు తెలిసినదే. అయినను తరువాతి వంతుకు నీరు వచ్చునో రాదోయని తూము మూయుటకు వెనుకాడుచున్నాము. కాలువ చివరి రైతుకు ఆ భయము ఏటేటా ఉన్నదే.