ఇనుప పెట్టె ఎవరి కొరకు?

భిలాయి ఇనుముచే జీవించు పట్టణము. 1955వ సంవత్సరమున సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందమును బట్టి కట్టబడిన ఇచ్చటి కర్మాగారమున, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. పని వెదకుకొనుచు వచ్చిన తెలుగు కుటుంబములనేకము ఇచ్చట స్థిరపడినవి. కొలిమిలో కరిగిన ఇనుమునకు తాను ఏమి కాబోవుచున్నదో తెలియదు. అది రైలుపట్టా కావచ్చును, నాగటి కఱ్ఱు కావచ్చును, తుపాకి గొట్టము కావచ్చును, ఆ తుపాకిని దాచు పెట్టెయు కావచ్చును. నిర్ణయించువాడు మనుష్యుడే.

ఈ పట్టణమున ఉద్యోగ విరమణ పొందిన ఒక గృహస్థును ఊహించుకొనవచ్చును. తండ్రి మరణానంతరము పన్నెండు బోరు తుపాకి ఒకటి అతనికి సంక్రమించినది. చట్టప్రకారము లైసెన్సును పొందెను. ఇన్నాళ్లు అది బట్టల బీరువాలో దుప్పట్ల వెనుక ఉండెను. పొరుగు వీధిలో దొంగతనము జరిగిన పిమ్మట ఇనుప పెట్టె కొనవలెనని కుమారుడు చెప్పెను. “దొంగ తాళము పగులగొట్టి కొనిపోయినయెడల పాపము వానిదే గాని నాది కాదు గదా! దానికింత ఖర్చు ఎందులకు?” అని తండ్రి అడిగెను.

ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఒకని పాపమును మరియొకని లెక్కలో వ్రాయుట న్యాయము కాదు. దొంగ తన ఇష్టముచొప్పుననే దొంగిలించును, హంతకుడు తన ఇష్టముచొప్పుననే చంపును. అట్లయిన తుపాకి యజమానుడు దేనికి ఉత్తరవాది?

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త యింటి మిద్దెకు పిట్టగోడ ఉండవలెనను ఆజ్ఞ కలదు. అది లేనందున ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చును. అయితే మిద్దెపైనుండి పడినవాడు దొంగ కాడు. ఆ పోలిక ఇచ్చట పూర్తిగా పొసగదని తండ్రి చెప్పవచ్చును. అప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయములోని పొడుచు ఎద్దును గూర్చిన విధిని చూడవలెను. ఎద్దు తన బుద్ధిచొప్పుననే పొడుచును. అయినను అది పొడుచునదని ముందే తెలిసియుండి కట్టివేయని యజమానుడు శిక్షకు పాత్రుడగును. అతడు పొడిచినందుకు కాదు, తెలిసియు విడిచినందుకే. తుపాకి దేనికి పనికివచ్చునో తెలియని యజమానుడు లేడు. కావున దొంగ పాపము దొంగదే, అజాగ్రత్త మాత్రము యజమానునిది. ఒకటి రెండవదానిని తుడిచివేయజాలదు.

దేశ చట్టమును ఈ భావమునకు దూరము కాదు. 1959లో చేయబడి, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు పొందినవాడు, తుపాకి పోయినను దొంగిలింపబడినను ఆలస్యము చేయక పోలీసు ఠాణాలో తెలుపవలెను. ఆయుధమును భద్రపరచెదనని దరఖాస్తుదారుడు మాట ఇయ్యవలెనని 2016 నాటి నియమములు కోరుచున్నవి.

బంగారమును దాచు పెట్టెకును తుపాకిని దాచు పెట్టెకును భేదము కలదు. బంగారము పోయిన, నష్టము యజమానునితో ముగియును. తుపాకి పోయిన, నష్టము అప్పుడే ప్రారంభమగును. అది ఏ వీధిలో, ఏ తల్లి బిడ్డపై ప్రేలునో ఎవ్వరెరుగరు. మొదటి పెట్టె తన్ను తాను కాపాడుకొనుటకు, రెండవది ముఖమెరుగని పొరుగువానిని కాపాడుటకు. ఈ ఖర్చు భారముగా తోచుటకు కారణము ఇదియే కాబోలు.

అందుచేత పెట్టెను ఎన్నుకొనుటయు మనస్సాక్షితో చేయవలసిన పని. పలుచని రేకు బీరువా గునపపు మొనకు నిలువదు. దళసరి రేకు, తలుపు లోపలినుండి చట్రములోనికి చొచ్చుకొనిపోవు గట్టి గడియలు కావలెను. బరువైన పెట్టెనైనను ఇద్దరు ముగ్గురు ఎత్తుకొనిపోగలరు గనుక దానిని కాంక్రీటు నేలకు లోపలినుండి బోల్టులతో బిగింపవలెను. నగలపెట్టెలో తుపాకి నిడివికి చోటుండదు. తుపాకిని విప్పి పెట్టుటకు వీలున్నను, విప్పిన గొట్టపు పొడవు ముందుగా కొలుచుకొనవలెను. తూటాలు వేరు తాళముక్రింద ఉండవలెను. అంకెల తాళమైనచో, అంగడినుండి వచ్చిన అంకెలను మొదటి దినముననే మార్చవలెను. వానకాలపు చెమ్మకు గొట్టము త్రుప్పుపట్టును గనుక తేమను పీల్చు గుళికల సంచిని లోపల ఉంచవలెను. ఇన్నియు చేసి తాళపుచెవిని దేవుని పటము వెనుకనో తలగడ క్రిందనో ఉంచినయెడల పెట్టె లేనట్లే. దొంగకంటె ముందు ఆ చెవిని కనుగొనునది ఇంటిలోని పిల్లవాడు. లేదా కోపమునందో నిరాశయందో ఉన్న ఇంటివాడే.

ఎంత గట్టి పెట్టెయైనను, తగిన సమయమును పనిముట్లును ఉన్నవానికి లొంగును. మనుష్యుడు సర్వశక్తిమంతుడు కాడు. అట్లుండవలెనని ఎవరును కోరుట లేదు. తాను ఎరిగినంత, చేయగలిగినంత చేసినవాడు దొంగ చేసిన హత్యకు దుఃఖించును గాని దోషి కాడు. చేయగలిగియు మానినవానికే ఆ నెమ్మది లేదు.

కుమారునితో కలసి అంగడికి పోవుటకు ముందు ఆ తండ్రి వేసికొనవలసిన మరియొక ప్రశ్న మిగిలియున్నది: ఈ తుపాకి ఇంక అవసరమా? పొలములో అడవిపందుల బెడద ఉన్ననాడు తండ్రికి అది పనికివచ్చెను. సెక్టారులోని క్వార్టర్సులో దానికి పని యేమి? జ్ఞాపకమునకై ఉంచుకొనగోరినయెడల ఆ జ్ఞాపకమునకు తగిన వెల చెల్లించి గట్టి పెట్టెను కొనవలెను. అంత వెల తగదని తోచినయెడల లైసెన్సుగల వర్తకునికి చట్టప్రకారము అప్పగింపవచ్చును. రెండును యోగ్యమైన మార్గములే. దుప్పట్ల వెనుక దాచి, రాబోవు పాపమంతయు దొంగదేయని నిద్రించుట మాత్రము యోగ్యము కాదు. తన తమ్మునికి తాను కావలివాడనా అని కయీను అడిగెను. తుపాకి ఉన్న ప్రతి యింటను ఆ ప్రశ్నకు ప్రతి రాత్రియు జవాబు చెప్పవలసియున్నది. తాళము వేయు చెయ్యే ఆ జవాబు.