రుజువు ఎవరికి చూపాలి?

మీరు ఎక్కణ్నుంచి వచ్చారు? పలాస జీడిపప్పు కొట్ల దగ్గరా, టెక్కలి బస్సులోనూ మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. మేం ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడతాం. ఉద్దానం కొబ్బరిచెట్ల నీడలో పెరిగాం. పలాస అంటే చాలదు. అంతకుముందు? అంటారు.

ఇదే ప్రశ్న గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఇంకొందరిని వెంటాడుతోంది. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలవాళ్లు తాము బెనె ఎఫ్రాయిం యూదులమంటారు. 1990ల తొలినాళ్లలో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, చిన్నది కట్టుకున్నారు. శనివారం సబ్బాతు పాటిస్తారు. చరిత్రకారులు ఆధారాలు అడుగుతారు. ఇజ్రాయెల్ వాళ్లను యూదులుగా గుర్తించలేదు. కులం మాత్రం ఏ రుజువూ అడక్కుండానే వాళ్లను గుర్తుపడుతుంది.

కొచ్చి సంగతి వేరు. అక్కడి మట్టంచేరిలో కడవుంబాగం సినగాగు 16వ శతాబ్దిది. లోపలి కొయ్యపని కేరళ గుళ్లలో, పాత మసీదుల్లో కనిపించే పనితనమే. 1950లలో అక్కడి యూదులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. 1990లలో ఆ కొయ్యపనిని విప్పి జెరూసలేం మ్యూజియంలో నిలబెట్టారు. కొచ్చిలో మిగిలిన కట్టడం 2019 వానలకు చాలావరకు కూలింది.

కొయ్యకు దక్కిన గౌరవం కొత్తరెడ్డిపాలెం మనుషులకు దక్కలేదు. పాతదై, అందమైనదై, లోపల మనుషులు లేకపోతే అందరికీ ప్రేమే. బతికున్న పేదవాడు నాకూ ఒక ప్రార్థన ఉందంటే మాత్రం కాగితాలు అడుగుతారు.

అయితే ఎవరేమంటే అదే చరిత్రా? కాదు. వంశం కథ పరిశీలనకు నిలవకపోవచ్చు. కానీ ప్రార్థించే హక్కు ఆ ఫలితం మీద ఆధారపడదు. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలి. మా జమాతుకు ఇద్దరు చాలు. రెండుచోట్లా లెక్క మనుషులదే, తాతలది కాదు.

పాలస్తీనా కోసం కడుపు మండే మీకు యూదుల గొడవెందుకని మావాళ్లే అడుగుతారు. ఒక రాజ్యం చేసే హత్యలకు ఆ పేరుతో ప్రార్థించే ప్రతివాణ్నీ బోనెక్కించకూడదు. ఆ బోను మాకు కొత్త కాదు.

అసలు రుజువులడిగే జబ్బు మాకు లేదా? ఉర్దూ రాదని దూదేకులవాళ్లను చూసి నవ్విన నోళ్లు మావే. నువ్వు ఏపాటి ముసల్మానువి అని అడిగింది మేమే. ముందు ఆ ప్రశ్న మానుకుంటేనే, మమ్మల్ని ఎక్కణ్నుంచి వచ్చారని అడిగేవాడి కళ్లలోకి సూటిగా చూడగలం.