తీగ ఎవరి చేతిలో ఉంది?

కంప్యూటర్ తనను తానే రీస్టార్ట్ చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. చేసుకోలేదు. నడుస్తున్న ప్రాసెసర్‌ను మళ్లీ మొదటికి తెచ్చే రీసెట్ తీగ దాని బయటే ఉంటుంది.

మా కాలేజీ ల్యాబులో లినక్స్ మీద నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటుంది. రీస్టార్ట్ కొడితే ప్రోగ్రాములన్నీ పద్ధతిగా మూసేసి, ‘రీస్టార్టింగ్ సిస్టమ్’ అని తెరమీద రాసి, అక్కడే హ్యాంగ్ అయ్యేది. పవర్ బటన్ నొక్కిపట్టుకుంటే తప్ప దానికి చలనం లేదు.

1984లో ఐబీఎం పీసీ ఏటీ తయారు చేసినవాళ్లు రీసెట్ తీగను కీబోర్డు కంట్రోలర్ చేతికిచ్చారు. అందులోని 286 ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్తే రీసెట్ అయితేగానీ వెనక్కి రాలేదు మరి. కంట్రోలర్ చెవిన ఒక్క బైటు వేస్తే అది తీగ లాగుతుంది. లినక్స్ కెర్నల్‌కు ఈ దారి నేటికీ తెలుసు. ఏసీపీఐ, ఈఎఫ్ఐ, పీసీఐ, బయోస్ దారులూ తెలుసు. ఒకటి పలకకపోతే ఇంకొకటి. అయితే ఒక దారిలోనే యంత్రం బిగుసుకుపోతే తర్వాతి దాని వంతు రాదు. అప్పుడు యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘రీబూట్=కేబీడీ’ అనో ‘రీబూట్=పీసీఐ’ అనో చేర్చి, ఎఫ్10తో బూట్ చేయాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. రీస్టార్ట్ సరిగా అయితే గ్రబ్ డీఫాల్ట్ ఫైల్లో రాసి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. మా డెస్క్‌టాప్‌కు పీసీఐ దారి కుదిరింది.

ఇంకో దారి ఉంది, ట్రిపుల్ ఫాల్ట్. ఇందులో ఎవరినీ అడిగేది లేదు. కెర్నల్ తన ఇంటరప్టుల పట్టికను ఖాళీ చేసి, కావాలనే ఒక ఇంటరప్టు తెప్పిస్తుంది. దాన్ని చూసుకునే దిక్కులేదు. ఆ తప్పును సర్దే దిక్కూ లేదు. మూడో తప్పుకు ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు మదర్‌బోర్డు మీది చిప్‌సెట్ కలగజేసుకుని రీసెట్ చేస్తుంది.

ఈ రెండు రకాల దారుల గురించి చదివినప్పుడు నాకు మా ఇంటి భోజనాల వాదం గుర్తొచ్చింది. శ్రీవైష్ణవంలో నాన్నగారిది వడగలై శాఖ, అమ్మ పుట్టినింటివారిది తెంగలై శాఖ. జీవుడు తరించడానికి తన వంతుగా ఏమైనా చేయాలా అన్నదే తగువు. “మామగారూ, కోతిపిల్ల తల్లి పొట్టను కరుచుకోవాలా వద్దా? శరణాగతి ఒక వ్యాజమైనా ఉండాలి కదా!” అని నాన్నగారు వేదాంత దేశికుల పక్షం పట్టేవారు. “పిల్లిపిల్ల ఏం చేస్తుందయ్యా? తల్లే నోట కరుచుకుపోతుంది. అడ్డుపడకుండా ఉంటే చాలు” అని తాతయ్య పిళ్ళై లోకాచార్యుల మాట చెప్పేవారు.

కెర్నల్‌లో ఇద్దరికీ చోటుంది. ఒక్క బైటుతో అడగడం నాన్నగారి వ్యాజం, పేరుకొక నెపం. తన ఆసరాలన్నీ వదిలేసి ఊరుకోవడం తాతయ్య చెప్పిన అప్రతిషేధం, అంటే అడ్డుపడకపోవడం. రెంటిలోనూ లేవనెత్తే చెయ్యి బయటిదే. జీవుడు తన బలంతో తరిస్తాడని ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మరి మా డెస్క్‌టాప్‌కు వచ్చిన లోటేమిటి? అది అడగకపోలేదు. పలకని చోట అడిగి అక్కడే నిలబడిపోయింది. ఏ దారిన అడగాలో దానికి ముందుగా ఒకరు చెప్పాల్సి వచ్చింది, అదీ అది మేలుకొనే వేళకే. శ్రీవైష్ణవం ఆ పనిని ఆచార్యుడికి అప్పగించింది. కోతిపిల్లా, పిల్లిపిల్లా అన్న తగువు ఎన్నాళ్లయినా సాగనివ్వండి. దారి చెప్పే ఆచార్యుడు కావాలన్న మాట దగ్గర మాత్రం రెండు కలైల వారికీ తగువు లేదు, నాకూ లేదు.