ఓటమిలో దాగిన మేలు

బేస్‌బాల్ మన ఆట కాదు. అయినా ఆ ఆట ఆడిన ఒక విశ్వాసి అనుభవం మన విశ్వాసాన్ని నిలదీసే ప్రశ్నను ముందుంచుతుంది.

మరియానో రివేరా 1969లో పనామా దేశంలో పుట్టి, ఒక జాలరి పల్లెలో పెరిగాడు. 1995 నుండి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్ జట్టుకు ఆడాడు. ఆట చివరలో బంతి అందుకుని, జట్టుకున్న కొద్దిపాటి ఆధిక్యాన్ని నిలబెట్టడం అతని పని. మన క్రికెట్‌లో ఆఖరి ఓవరు వేసే బౌలరు వంటివాడన్నమాట. అలా 652 సార్లు నిలబెట్టాడు. ఇంతవరకు అంతటివాడు మరొకడు లేడు.

అటువంటివాడు 2001 నవంబరు 4న విఫలుడయ్యాడు. వరల్డ్ సిరీస్ ఆఖరి ఆటలో యాంకీస్ 2-1తో ముందున్నారు. చివరి ఘట్టంలో రివేరా విసిరిన ఒక బంతి గురి తప్పింది. అరిజోనా జట్టు 3-2తో గెలిచింది.

గెలిచి ఉంటే న్యూయార్క్‌లో విజయోత్సవం జరిగేది. దాని తరువాత సహ ఆటగాడు ఎన్రికే విల్సన్ నవంబరు 12న విమానంలో స్వదేశానికి వెళ్లవలసి ఉంది. ఓడిపోయినందున ముందే వెళ్లిపోయాడు. 12వ తేదీన ఆ విమానం కూలి 265 మంది మరణించారు. మిత్రుడు బ్రతికాడు గనుక ఓడిపోవడమే మేలైనదని రివేరా అన్నాడు.

ఆ కృతజ్ఞతను ఎవరు తప్పుపట్టగలరు? కాని దానినే సిద్ధాంతంగా మార్చి, ‘విల్సన్‌ను కాపాడడానికే దేవుడు ఓడించాడు’ అంటే, ఆ 265 మందిని దేవుడు మరచాడా? సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని క్రీస్తు ప్రభువు స్పష్టం చేశారు. దేవుడు కీడును కోరడని, కీడునుండి సైతం మేలును రాబట్టగలడని శ్రీసభ బోధిస్తుంది. గురి తప్పిన ఆ బంతిని విసిరింది రివేరా చెయ్యే గాని దేవుని చెయ్యి కాదు.

ప్రియ పాఠకులారా! మన ఊళ్లలో బస్సు ప్రమాదం జరిగినప్పుడు, ‘మావాడు ఆ బస్సు ఎక్కలేదు, దేవుని దయ’ అంటాం. ఆ మాట ప్రార్థనలో దేవునితో అంటే స్తోత్రం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వినేలా అంటే, ఆమెపై దేవుని దయ లేదని తీర్పు చెప్పినట్లే. మేలు పొందినవాడు మోకరించాలి. ఆ పిమ్మట లేచి, దుఃఖించే ఇంటికి వెళ్లి, మౌనంగా పక్కన కూర్చోవాలి.