ఫ్యాన్ తిరిగితే పవర్ ఉన్నట్టేనా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే కుర్రాళ్లలో ఎంతమంది అన్నంభట్టును చదివి ఉంటారు? అయినా 17వ శతాబ్దంలో ఆ న్యాయదర్శన పండితుడు ‘తర్కసంగ్రహం’లో చర్చించిన చిక్కుతోనే రోజూ కుస్తీ పడతారు. కనిపించే గుర్తును బట్టి కనిపించని కారణాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి బల్లమీదికొస్తుంది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే. ‘ఫ్యాన్ తిరుగుతోందంటే పవర్ సప్లై బాగున్నట్టే కదా’ అంటాడు కొన్నాయన. ఆ దర్శనం నేర్చిన నైయాయికుడు ఒప్పుకోడు. ఫ్యాన్‌కు కావలసింది 12 వోల్టులే; 5, 3.3 వోల్టుల లైన్లు పడిపోయినా అది తిరగొచ్చు. సాధ్యం, అంటే నిరూపించాల్సిన విషయం, లేనిచోట కూడా కనబడే ఇలాంటి హేతువే సవ్యభిచారం. హేత్వాభాసాల్లో, అంటే హేతువుల్లా కనిపించే తప్పుల్లో, ఇంత మర్యాదస్తుడిలా కనిపించేది మరొకటి లేదు.

మెకానిక్ రెండు ర్యామ్‌లూ పీకి, కాంటాక్టులు రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటే పెట్టి చూస్తాడు. ఒకటి పెడితే మొరాయిస్తోంది, అది తీసి రెండోదాన్ని దాని స్లాట్‌లో పెడితే నడుస్తోంది. అన్వయం, వ్యతిరేకం రెండూ కుదిరాయి. తీర్పు ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వడు. అదే ర్యామ్‌ను పక్క స్లాట్‌లో గుచ్చుతాడు. అక్కడ నడిస్తే తప్పు స్లాట్‌దే కావొచ్చు. చాటుగా పనిచేసే ఈ షరతునే న్యాయదర్శనం ఉపాధి అంటుంది.

కంప్యూటర్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోయిందా, అది తేలిక కేసు: బిళ్లలాంటి 3 వోల్టుల సీఆర్2032 సెల్ అయిపోయి ఉంటుంది. కొత్తది వేశాక కూడా గడియారం నిలవకపోతే, కుర్రాడు మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకుంటాడు.