వీణకూ డోలుకూ ఒకే వేదిక

అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణ కనిపిస్తుంది. అది హార్ప్ కుటుంబానికి చెందిన వాద్యం. దాదాపు 1800 ఏళ్ల కిందట తెలుగు నేల విన్న ఆ నాదం తర్వాత మన కచేరీల నుంచి తప్పుకుంది. మయన్మార్‌లో మాత్రం అలాంటి వాద్యం సౌంగ్ అనే పేరుతో నేటికీ మోగుతోంది.

శాస్త్రీయ సంగీతానికి భద్రాచలంలో ఈనాటికీ ఆదరణ ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పేరిట అక్కడ వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి. విద్వాంసులంతా కలిసి నవరత్న కీర్తనలు పాడుతుంటే భక్తులూ గొంతు కలుపుతారు.

భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచున మరో సంగీతం ఉంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ కోయ గిరిజనుల వీరగాథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. ఆయన్నీ, కిన్నెర కళాకారుడు మొగిలయ్యనీ 2022లో పద్మశ్రీ వరించింది. 2024లో రామచంద్రయ్య కన్నుమూశారు. ఈ కథలు గాయకుల జ్ఞాపకంలోనే బతుకుతున్నాయి. నేర్చుకునే పిల్లలు లేకపోతే అవి ఆ తరంతోనే ఆగిపోతాయి.

పట్టణ ఉత్సవాల నిర్వాహకులు వీణ కచేరీ పక్కనే ఒక సాయంత్రం డోలు కళాకారులకూ కేటాయించాలి. శ్రోతలారా, ఈసారి భద్రాచలం వెళ్లినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని ఆ డోలు పాట కూడా వినండి.